కోడికునుకు

విశాలాక్షికి పేర్లు పెట్టే పిచ్చి. పిల్లలకు కాదు. ఆకాశంలోకి ఎగిరే ప్రతి ఇనుపముక్కకీ, అక్కడ కనిపించే ప్రతి వింతకీ తెలుగులో ఒక పేరుండి తీరాల్సిందేనని ఆవిడ పట్టు. ముప్పయ్యేళ్లకు పైగా ‘తూర్పుగాలి’ పత్రికలో అంతరిక్షం గురించీ సైన్సు గురించీ రాస్తూ వచ్చింది. ఆ పత్రిక ఇప్పుడు ఆదివారం ఒక్కరోజే కాగితం మీద అచ్చవుతుంది, మిగతా రోజులన్నీ తెరల మీదే. అయినా నెల్లూరు జిల్లాలో విశాలాక్షి పేజీ కోసం ఆదివారం కాగితం కొనేవాళ్లు ఇంకా ఉన్నారు.

అసలు ఈ పని ఆమెకు దొరికిందే ఒక పొరపాటు వల్ల. ఆమె పత్రికలో చేరిన కొత్తల్లో వారఫలాలు రాసే పంతులుగారికి టైఫాయిడ్ వచ్చింది. న్యూస్ ఎడిటర్ శేషాచలంగారు ఆమెను పిలిచి, “నువ్వు ఫిజిక్స్ చదివావుగా అమ్మాయ్, నక్షత్రాల సంగతి నీకు తెలిసే ఉంటుంది. ఈ వారం మేషం నుంచి మీనం దాకా లాగించెయ్,” అన్నారు. ఆయన దృష్టిలో జ్యోతిషమూ ఖగోళమూ ఒకే బల్ల మీది పని! విశాలాక్షి నోరు మూసుకుని వారఫలాలు రాసింది. కింద కాస్త జాగా మిగిలితే, శనిగ్రహం చుట్టూ ఉన్న వలయాలు మంచుముక్కలేనని కూడా రాసింది. శని ఇంత అందగాడని తెలియక ఇన్నాళ్లూ నూనె పోసి తరిమేశామే అని ఎవరో ఉత్తరం రాశారు. శేషాచలంగారు ఆ ఉత్తరం చదివి పడీపడీ నవ్వారు. ఆ మూల ఆమెదైపోయింది.

ఆయన షరతు ఒక్కటే. ఇంగ్లీషు మాట వస్తే దానికి తెలుగు మాట పెట్టాలి, అది వినగానే బుర్రకెక్కాలి. అందుకని విశాలాక్షి ప్రతి కొత్త మాటనీ ముందు ఇంట్లో తన అక్క కామాక్షమ్మ మీద ప్రయోగించేది. కామాక్షమ్మ మొహం చిట్లిస్తే ఆ మాట చచ్చినట్టే. రెండు నౌకలు ఆకాశంలో కలుసుకోవడాన్ని ‘సంధానం’ అని చెప్తే, “ఎవరిదే సంబంధం?” అని అడిగింది. దాన్ని కొట్టేసి ‘జతకట్టు’ అని రాసింది. రాకెట్టు మోసుకెళ్లే ‘ఉపయుక్త భారం’ ఆ ఇంటి వంటింట్లోనే ప్రాణం వదిలి, ‘మోత’ అయి బయటికొచ్చింది.

ఇన్ని పేర్లు పెట్టినా, జనం నోళ్లలో నిలిచిపోయిన పేరు ఒక్కటే. దాన్ని మాత్రం కామాక్షమ్మకు చెప్పి చూడలేదు.

అది రెండేళ్ల కిందటి మాట. మనుషుల్ని అంగారకుడి మీదికి పంపాలంటే దారిలోనే నెలలు గడిచిపోతాయి. అన్నాళ్లూ మేలుకుని కూర్చుంటే తిండి చాలదు, గాలి చాలదు, ఒకరి మొహం ఒకరు చూసుకుని పిచ్చెక్కుతుంది. ఎండాకాలంలో చెరువెండితే కప్ప బురదలో దూరి వానలదాకా పడుకున్నట్టు మనిషినీ పడుకోబెట్టే మందును, పులికాట్ సరస్సు ఒడ్డున ఉన్న దీర్ఘయాన కేంద్రంలో డాక్టర్ నీలకంఠం తయారుచేశాడు. ఎలుకలయ్యాయి, కోతులయ్యాయి. ఇక మనిషి కావాలి.

సూళ్లూరుపేట హైస్కూల్లో పీఈటీ టీచరు చెంచులక్ష్మి నేను పడుకుంటానని ముందుకొచ్చింది. చిన్నప్పటినుంచీ విశాలాక్షి పేజీలు కత్తిరించి దాచుకున్న మనిషి. ఇంటివాళ్లు కూడా ఒప్పుకోవాలన్నారు. ఆమె భర్త పెంచలయ్యకు పంపుసెట్లు బాగుచేసే షాపుంది. అతన్ని కేంద్రానికి పిలిచి, పెద్ద ఆఫీసరొకాయన, “మీ భార్య దీర్ఘనిద్రలోకి వెళ్తుంది,” అని మొదలుపెట్టాడు.

పెంచలయ్య గభాల్న లేచి నిలబడ్డాడు. “దీర్ఘనిద్రా? మా నాయన పోయినప్పుడు ఫ్లెక్సీలో ఆ మాటే గదా సార్ రాయించినాము! నేను సంతకం పెట్టను. లెయ్యి, పోదాం పా లక్ష్మీ!”

అందరూ బిత్తరపోయారు. వార్త కోసం వెనక వరసలో కూర్చున్న విశాలాక్షి ఉండబట్టలేక, “దీర్ఘనిద్ర కాదయ్యా, కోడికునుకు అనుకో. వానాకాలమంతా పడుకున్నా ఆమెకు మాత్రం కన్ను మూసి తెరిచినట్టే ఉంటుంది,” అంది.

పెంచలయ్య ఆవిడ వైపు తిరిగి చూశాడు. మెల్లగా నవ్వాడు. “కోడికునుకా... అట్టా చెప్పండి మరి,” అని కూర్చుని సంతకం పెట్టాడు.

పెదవి దాటితే పృథివి దాటుతుందంటారు. మర్నాటికల్లా ఆ మాట అన్ని తెరలకీ ఎక్కింది. పరుపుల కంపెనీవాళ్లు వాడుకున్నారు, ఆటోల వెనక రాయించుకున్నారు, చివరికి దీర్ఘయాన కేంద్రంలో ఆ గది తలుపు మీద కూడా ‘కోడికునుకు విభాగం’ అని బోర్డు పెట్టారు. చెంచులక్ష్మి ఆ వానలన్నీ గాజుపెట్టెలో పడుకుని, పుష్యమాసం చలిలో కళ్లు తెరిచింది. “అయిపోయిందా?” అని అడిగింది. ఆ ఆదివారం విశాలాక్షి రాసిన పేజీని జనం ఫ్రేములు కట్టించుకున్నారు.

ఏడాది గడిచింది. మాఘం చివర, శివరాత్రి ఇంకో వారముందనగా నీలకంఠం ఫోన్ చేశాడు. “విశాలాక్షిగారూ, ఇంకో పేరు కావాలండీ. మీరే పెట్టాలి. ఒకసారి రండి.”

వెళ్లింది. గాజుగోడ అవతల చెంచులక్ష్మి నడకయంత్రం మీద పరుగెడుతూ ఉంది. తల నిండా తీగలు. విశాలాక్షిని చూసి చెయ్యి ఊపింది. పరీక్ష జరుగుతుండగా మాట్లాడకూడదట.

“లేచినప్పటినుంచీ ఆమె నిద్రపోలేదు,” అన్నాడు నీలకంఠం.

“ఏడాదిగానా? అయ్యో!”

“అయ్యో ఏంటండీ! మొదట మేమూ కంగారుపడ్డాం. మనిషి మెదడులో నిద్రగదికి ఒక గడియ ఉంటుందనుకోండి. ఆ పెద్ద నిద్ర కోసం గడియ మొత్తం ఊడదీశాం. మళ్లీ బిగించాం గానీ, తలుపు బిగుసుకుపోయింది, తెరుచుకోవడం లేదు. కానీ చూడండి, అలుపు లేదు, నీరసం లేదు, గుండె భేషుగ్గా ఉంది. పెద్ద నిద్రలో ఒళ్లు చేసుకున్న మరమ్మతు అలాంటిది మరి. నిద్ర అక్కర్లేని మనిషి! మన బతుకులో మూడోవంతు పక్కమీదే పోతుంది కదా, దాన్ని తిరిగిచ్చేస్తున్నాం.” ఆయన కళ్లు మెరిశాయి. అబద్ధమాడే మనిషి కాదు, అలాగే నమ్ముతున్నాడు. “శివరాత్రి మర్నాడు సోమవారం రెండో జట్టు పెట్టెల్లోకి వెళ్తోంది. వాళ్లకు ఈ సంగతి చెప్పాలి. ‘నిద్రలేమి’ అంటే బెదిరి పారిపోతారు. ‘వరం’ అంటే నమ్మరు. మధ్యస్థంగా ఒక మంచి మాట...”

ఎదురుగా గోడకు క్యాలెండరు వేలాడుతోంది. అందులో ఆదివారం గడిలో శివరాత్రి అని ఎర్రగా ఉంది. ఏళ్ల తరబడి అలవాటైన నాలుక, ఊరుకుంటుందా?

“జాగారం,” అంది విశాలాక్షి.

నీలకంఠం బల్ల మీద చరిచాడు. “అద్భుతం! అంతే, అంతే! అందరికీ తెలిసిన మాట, పైగా పుణ్యం!”

“ఆగండాగండి. ఇంకా మా అక్కకు చెప్పలేదు. ఆ అమ్మాయితో మాట్లాడలేదు.”

“మాట్లాడండి, తొందరేముంది,” అన్నాడాయన. కానీ ఫోను అప్పటికే చేతిలోకి తీసుకున్నాడు.

ఇంటికెళ్లి కామాక్షమ్మకు చెప్పింది. కామాక్షమ్మ మొహం చిట్లించలేదు సరికదా, గోంగూర ఒలుస్తున్న చేతులు రెండూ జోడించింది. “ఎంత చక్కటి మాటే! ఇంతకీ ఎవరు చేస్తున్నారు? ఏం మొక్కుకుని?”

“మొక్కేం లేదు. నిద్ర రాదంతే.”

“మొక్కు లేకపోతే జాగారమెట్లా అవుతుందే?” అని కామాక్షమ్మ మళ్లీ గోంగూరలో పడింది.  

మర్నాడు పొద్దున్నే విశాలాక్షి బస్సెక్కి సూళ్లూరుపేట వెళ్లింది. చెంచులక్ష్మి ఇల్లు అద్దంలా మెరిసిపోతోంది. గచ్చు మీద మొహం కనిపిస్తోంది. కుర్చీకీ, మిక్సీకీ, నీళ్లబిందెకీ, ఆఖరికి పెంచలయ్య సైకిలు సీటుకీ క్రోషియాతో అల్లిన తొడుగులు!

“ఇవన్నీ నువ్వే అల్లావా?” అని ఆశ్చర్యపోయింది విశాలాక్షి.

“ఇంకేం జేసేది అక్కా? గోడలకు రెండుసార్లు సున్నం కొట్టినా. పని అయిపోద్ది. దినం అయిపోదు.” చెంచులక్ష్మి కాఫీ గ్లాసు అందించి ఎదురుగా కూర్చుంది. “నేను పెట్టెలోంచి లేచినానే, ఆ దినమే ఇంకా జరగతా ఉండాది. నిన్న ఎప్పుడైపోయిందో, ఈరోజు ఎప్పుడు మొదలైందో తెలీలా. పొద్దున ఆయన మీద కోపం వచ్చిందనుకో, పోనే పోదు. అందరికీ పండుకోని లేస్తే పోతాది గదా. నాకు అట్టనే ఉంటాది, పైన ఇంకోటి వచ్చి పడతాది. మా పిన్నమ్మ పోయి ఆర్నెల్లయింది. నాకు ఇప్పుడే కబురొచ్చినట్టుండాది.”

“మరి డాక్టర్లకు చెప్పలేదూ?”

“చెప్పినా. ఒంట్లో అన్నీ బాగుండాయంటారు. ఊళ్లోవాళ్లకు చెప్పినా. కోడికునుకు తీసి లేచినదానికి ఏం రోగమమ్మా అని నవ్వినారు.” ఆమె గొంతులో నిష్ఠూరం లేదు. “మీ మాట శానా బాగుండాది అక్కా. వింటే ఎవురికీ భయం పుట్టదు. అందుకే నా బాధ ఎవురికీ ఎక్కదు.”

విశాలాక్షికి చెంప పగిలినట్టయింది. గ్లాసు కింద పెట్టేసింది. ఎన్ని వేలసార్లు రాసిందో ఆ మాట, ఎన్ని శాలువాలు కప్పించుకుందో!

బయట సైకిలు స్టాండు చప్పుడైంది. పెంచలయ్య లోపలికొచ్చి, ఆవిడను చూసి సంబరపడిపోయాడు. “మేడమ్! మీరెప్పుడొచ్చినారు? నిన్న సెంటరు వాళ్లు ఫోను చేసినారు. దీన్ని జాగారం అంటారంటగదా, మీరే పెట్టినారంట! నాకు ఎంత ధైర్యమొచ్చిందో తెలుసా? రెండో జట్టులో ఒకాయన తగ్గినాడంటే నా పేరు ఇచ్చేసినా. సోమవారం వ్యాను వస్తాది.”

“నువ్వా? నువ్వెందుకయ్యా?”

“ఎందుకేంది మేడమ్? శివరాత్రికి యాడన్నా ఒక్కరే కూచోని జాగారం చేస్తారా? పక్కన తోడుండొద్దా? ఇది ఒక్కతే మేలుకోని కూచోనుంటే నేను గుర్రుపెట్టి పండుకుంటే, ఏం మొగోణ్ణి నేను? నేను కూడా పెట్టెలో పండుకోని లేచొస్తే, ఇంక ఇద్దరం కూచోని కబుర్లు చెప్పుకుంటాము.” నవ్వుతూనే అన్నాడు గానీ కళ్లలో నీళ్లు తిరిగాయి. అవి ఎవరూ చూడకూడదన్నట్టు కాళ్లు కడుక్కునే వంకన పెరట్లోకి వెళ్లిపోయాడు.

చెంచులక్ష్మి చటుక్కున విశాలాక్షి చెయ్యి పట్టుకుంది. “అక్కా, ఆయన్ను ఆపండి. నా మాట వినడు. జాగారానికి తెల్లారతాది గదా. నాకు తెల్లారేదెప్పుడు? ఇంక ఆయనకు కూడా అదే గతా? ఆయన పండుకోనుంటే నేను పక్కన కూచోని చూస్తా ఉంటా. ఆయన గురక వింటా ఉంటే నాక్కూడా రవ్వంత పండుకున్నట్టు ఉంటాది. నాకు మిగిలిన నిద్ర అదొక్కటే. ఆయన కూడా మేలుకుంటే ఇంక నేను యాడికి పోయేది?”

విశాలాక్షి సంచిలోంచి నోటుపుస్తకం తీసింది. 

“మీ మాట మీద నన్ను పంపించినాడు,” అంది చెంచులక్ష్మి. “మీ మాట మీదే ఆగతాడు.”

“నువ్వు చెప్పిందంతా నీ పేరుతోనే రాస్తాను. ఒప్పుకుంటావా?”

“మా బడి పిల్లోళ్లు కూడా చదవతారు గదా,” అని కాసేపు ఆలోచించింది. “రాయండి. వాళ్లకు కూడా తెలవాల గదా.”

తిరుగు బస్సులోనే రాయడం మొదలుపెట్టింది విశాలాక్షి. గడియ సంగతి రాసింది. సైకిలు సీటు తొడుగు సంగతి రాసింది. అయిపోని దినం గురించి చెంచులక్ష్మి చెప్పింది చెప్పినట్టు దించింది, ఒక్క అక్షరం దిద్దలేదు. మధ్యలో, ‘కోడికునుకు అన్న మాట నేను పెట్టిందే. పడుకున్నంతసేపటికి అది సరిపోయింది, లేచాక సరిపోలేదు’ అని రాసింది. ఇల్లు చేరాక శీర్షిక కామాక్షమ్మకు చదివి వినిపించింది. “తెల్లారని జాగారం.”

కామాక్షమ్మ చేతులు జోడించలేదు. “అమ్మో, ఎవరికే పాపం!” అని గుండెల మీద చెయ్యి వేసుకుంది. విశాలాక్షి వెంటనే ఆఫీసుకు పంపించేసింది.

వార్త ఒప్పో తప్పో చూసి చెప్పమని నీలకంఠానికి కూడా ఒక ప్రతి పంపింది. అది ఆవిడ పద్ధతి. ఆయన క్షణంలో ఫోన్ చేశాడు.

“ఇందులో తప్పేమీ లేదు. కానీ వెయ్యకండి,” అన్నాడు. “సోమవారం ఒక్కరు కూడా రారు. అంగారకయానం ఎన్నేళ్లు వెనక్కిపోతుందో మీకు తెలీదా? దాని కోసం నాకన్నా ఎక్కువ కలలు కన్నది మీరు కాదూ?”

“కన్నాను. ఇప్పుడూ కంటున్నాను.”

“మరి?”

“కలలు కనాలంటే ముందు నిద్రపోవాలి కదండీ నీలకంఠంగారూ. ఆ సంగతి వాళ్లకు ముందే తెలిస్తే, తెలిసే వస్తారు. రానివాళ్లు రారు.”

 “మీకు కేంద్రం గేటు మూసేస్తారండీ. నా చేతుల్లో ఉండదు,” అన్నాడాయన.  ఏ రాకెట్టు లేచినా మొదటి వరసలో నిలబడి చూసిన మనిషి ఆవిడ. అంగారకుడి నౌక లేచే రోజున ఏ చీర కట్టుకోవాలో కూడా అనుకుని పెట్టుకుంది. “సరేలెండి, మా మేడ మీంచి కూడా కనిపిస్తుంది,” అని ఫోన్ పెట్టేసి, కామాక్షమ్మ చూడకుండా కళ్లు తుడుచుకుంది.

ఆదివారం పత్రిక వచ్చింది. ఆ రోజంతా ఫోను మోగుతూనే ఉంది. మెచ్చుకున్నవాళ్లున్నారు, దేశానికి ద్రోహం చేశావన్నవాళ్లున్నారు. పెంచలయ్య నుంచి మాత్రం ఏ కబురూ లేదు. ఆ రాత్రి అక్కాచెల్లెళ్లిద్దరూ శివాలయంలో జాగారం చేశారు. భజనలో విశాలాక్షి చేతులు తాళం వేస్తున్నాయి గానీ, మనసు మాత్రం సూళ్లూరుపేటలో ఉంది. తెల్లారగానే కామాక్షమ్మ ఇంటికెళ్లి పడుకుంది. విశాలాక్షి బస్సెక్కింది.

పట్టపగలు, ఎండ చురుక్కుమంటోంది. అయినా వీధి వీధంతా నిద్రపోతోంది. ఏ అరుగు మీద చూసినా మనుషులు అడ్డదిడ్డంగా పడున్నారు. రాత్రి పాచికలాడిన వైకుంఠపాళీ పటాలు ఇంకా అక్కడే పరిచి ఉన్నాయి.

చెంచులక్ష్మి గుమ్మంలోనే కూర్చుని ఉంది. విశాలాక్షిని చూడగానే నోటి మీద వేలు పెట్టింది.

“మెల్లగా అక్కా. పండుకోనుండాడు.”

వరండాలో చాప మీద పెంచలయ్య వెల్లకిలా పడుకున్నాడు. వెలుతురు పడకుండా మొహం మీద పేపరు కప్పుకున్నాడు. ‘తెల్లారని జాగారం’ అన్న అక్షరాలు అతని గురకకు లేస్తున్నాయి, పడుతున్నాయి. విశాలాక్షి కాస్త వెలితితో, కాస్త తృప్తితో ఆ పేపరు వంకే చూస్తూ నిలబడింది.

“వ్యాను వచ్చిందా?” అని గుసగుసగా అడిగింది.

“వచ్చింది, పోయింది. మన పేటలో ఇద్దరు ఎక్కినారు. పేపరు చేతిలో పట్టుకోనే ఎక్కినారు, తెలిసే పోతుండామన్నారు. ఈయన రాత్రి గుళ్లో పేపరు రెండుసార్లు చదివినాడు.  తెల్లారినాక ఇంటికొచ్చి, ‘లక్ష్మీ, నేను పండుకుంటా, వ్యాను వస్తే రానని చెప్పు’ అన్నాడు. అంతే, ఇట్టా వాలినాడు.” చెంచులక్ష్మి నవ్వింది. చాలా రోజుల తర్వాత నవ్వినట్టుంది. “రాత్రి ఊరంతా నాకు తోడుండింది అక్కా. ఒక్క రాత్రి. అందరూ మేలుకోనున్నారు. నేనొక్కదాన్నే కాదనిపించింది.”

“డాక్టరుగారేమన్నా ఫోన్ చేశారా?”

“పొద్దున్నే చేసినాడు. ముందు నా గడియ సంగతి చూస్తానన్నాడు. ఎన్నాళ్లు పడతాదో తెలీదన్నాడు.” ఆమె చెంగుతో కళ్లొత్తుకుని, విశాలాక్షి మొహంలోకి తేరిపార చూసింది. “మీ కళ్లు ఎర్రగుండాయి. రాత్రి మీరూ పండుకున్నట్టు లేదే. అదో, ఆ చాప పరుస్తా. ఒక కోడికునుకు తియ్యండి అక్కా.”

ఆ మాట వినగానే విశాలాక్షి ఉలిక్కిపడింది. వద్దనబోయింది. ఈ అమ్మాయి ఎదుట పడుకోవడమా, ఎంత పాపం! కానీ చెంచులక్ష్మి అప్పటికే చాప పరిచేసి, తలకింద మడతపెట్టిన దుప్పటి పెట్టేసింది.

“పండుకోండి. బస్సు టయానికి లేపతాలే,” అంది. “నేనెట్టాగూ మేలుకోనే ఉంటా గదా.”

విశాలాక్షి చాప మీద ఒరిగింది. చెంచులక్ష్మి ఇద్దరి మధ్యా కూర్చుని, అల్లుతున్న తొడుగు ఒళ్లోకి తీసుకుంది.